తెలిసిన మాటే కదా!

ఇంగ్లీషు బాగా వచ్చినవాడనిపించుకోవడానికి మనవైపు ఒక తేలిక దారి ఉంది. పక్కవాడు ఎన్నడూ వినని మాట ఒకటి వదలాలి. పెళ్లిపందిట్లో పిల్లాణ్ని కుర్చీ మీద నిలబెట్టి "మావయ్యకి ఆ పొడుగు మాట చెప్పు నాన్నా" అంటే, వాడు 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్' అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. ఇంగ్లీషులో రాస్తే 29 అక్షరాలు. ఒక వస్తువునో మనిషినో బొత్తిగా విలువలేనిదని లెక్కగట్టడం అని దానికి అర్థం. అక్కడితో అయిపోయింది. ఇంకో అర్థం లేదు, మెలిక లేదు, నేర్చుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ పిల్లాణ్నే "గెట్ అంటే ఏమిటి నాన్నా?" అని ఎవరూ అడగరు. అడిగితే 'పొందుట' అంటాడు. బళ్లో అదే చెప్పారు. మరి పొద్దున్నే అమ్మ "గెట్ అప్" అన్నప్పుడు వాడు పొందిందేమిటి? "బస్సులోంచి గెట్ డౌన్" అన్నప్పుడు, "ఐ గెట్ ఇట్" అన్నప్పుడు, జబ్బు పడ్డవాళ్లకు పంపే కార్డు మీద "గెట్ వెల్ సూన్" అని రాసినప్పుడు ఎవరు దేన్ని పొందుతున్నారు?

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా వృత్తి. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇది: కఠిన పదాలని మనం పేరుపెట్టి బట్టీ పట్టేవి కఠినం కావు. తెలుసులే అని దాటిపోయే గెట్, రన్, టేక్, సెట్, లెట్, ఆఫ్ వంటివే అసలైన కఠిన పదాలు.

అరుదైన మాటలంటే నాకు ఇష్టం లేక కాదు. 'పెట్రికోర్' అనే మాట ఎంత ముచ్చటగా ఉంటుందో! 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసంలో అది పుట్టింది. ఎండి ఉన్న నేల మీద తొలకరి చినుకు పడగానే లేచే వాసనకు పెట్టిన పేరది. గ్రీకులో రాయి అనే అర్థమున్న మాటకు, గ్రీకు దేవతల ఒంట్లో రక్తానికి బదులు పారుతుందని చెప్పే ద్రవం పేరు కలిపారు. కనౌజ్ అత్తరువాళ్లు అదే వాసనను గంధపు నూనెలోకి దించి మట్టి అత్తరుగా అమ్ముతారు. ఇంత కథ ఉన్న మాట కూడా ఒక్కసారి అర్థం చెప్పించుకుంటే మన సొంతమవుతుంది. మాట తెలిసింది, వాసన ముందే తెలుసు, రెండూ అతుక్కుపోయాయి. రేపు ఎక్కడ కనబడినా పెట్రికోర్ అంటే ఆ వాసనే. రన్ అలా కాదు. నిన్న ఇచ్చిన అర్థం ఇవాళ ఇవ్వదు.

ఇంగ్లీషు నిఘంటువులు మొదలైందే కఠిన పదాలతో. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు సుమారు 2,500 మాటలతో ఒక చిన్న పుస్తకం వేశాడు. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి నుంచి వచ్చి చదువుకోనివాళ్లను తికమక పెట్టే మాటలే అందులో ఉన్నాయి. అందరికీ తెలిసినవాటికి అర్థం రాయడం దేనికని ఆ కాలపువాళ్ల ఆలోచన. తలుపు, కుక్క, వెళ్లు వంటి మాటలకు నిఘంటువులో పీట వేసింది 18వ శతాబ్దంలోనే. పీట వేశాక గానీ తెలియలేదు, వాటిని వివరించడం ఎంత కష్టమో. 1755లో శామ్యూల్ జాన్సన్ 42 వేలకు పైగా మాటలతో తన నిఘంటువు అచ్చువేసినప్పుడు, ఒక్క 'టేక్' అనే క్రియకే నూటముప్పై పైచిలుకు అర్థాలు తేలాయి. వలలాంటి అల్లికను చెప్పే 'నెట్‌వర్క్'కు ఆయన ఇచ్చిన వివరణ చదివితే, అందులోని లాటిన్ మాటల కోసం మళ్లీ అదే నిఘంటువు తిరగెయ్యాలి. ఆ వివరణను చూసి నవ్వుకున్నవాళ్లు చాలామంది. నాకు నవ్వు రాదు. మాటను అంతకంటే తేలికైన మాటతో చెప్పాలి కదా, అన్నిటికన్నా తేలికైన మాటను దేనితో చెప్పాలి? ఈ చిక్కు సంగతి జాన్సన్ తన పీఠికలోనే ఒప్పుకున్నాడు.

ఈ చిక్కును నాకు అందరికంటే స్పష్టంగా చూపించినవాడు జేమ్స్ మరే. స్కాట్లండ్ పల్లెటూరివాడు, బడిపంతులు. 1879లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీకి సంపాదకుడయ్యాడు. ఆ పని 1857లో లండన్ ఫైలలాజికల్ సొసైటీలో తలపెట్టింది. ఇంగ్లీషులో ప్రతి మాటా ఎప్పుడు పుట్టింది, ఏ శతాబ్దంలో ఏ అర్థంలో వాడారు అన్నది పుస్తకాల్లోని ప్రయోగాలతో సహా చూపాలి. అంత పని కొద్దిమందితో అయ్యేది కాదు గనక పుస్తకాలు చదివేవాళ్లను అడిగారు: చదువుతూ చదువుతూ మాట కనిపిస్తే, అది ఉన్న వాక్యాన్ని చీటీ మీద రాసి, పుస్తకం పేరూ సంవత్సరమూ వేసి పంపండి అని. ఇరవై ఏళ్లపాటు అలా పోగైన చీటీలు దాదాపు రెండు టన్నులు మరే ఇంటికి వచ్చిపడ్డాయి. సంచులు విప్పితే ఒకదాంట్లో చచ్చిన ఎలుక, ఇంకొకదాంట్లో బతికున్న ఎలుకపిల్లల సంసారం. 'హెచ్' అక్షరం చీటీలన్నీ ఇటలీలో తేలాయి. 'పి' అక్షరంలో కొంత భాగం ఐర్లండ్‌లో ఒక గుర్రాలశాలలో దొరికింది, మిగతాది అప్పటికే పొయ్యి రాజెయ్యడానికి వాడేశారు. మరే తన ఇంటి ఆవరణలో ఇనపరేకుల షెడ్డు వేయించి, లోపల గోడనిండా గూళ్లు కట్టించి, చీటీలను అక్షరక్రమంలో పేర్చడం మొదలుపెట్టాడు.

పేరుస్తుంటే ఒక విషయం బయటపడింది. 'అబ్యూజన్' అనే మాట ఉంది. ఎప్పుడో వాడకంలోంచి పోయింది, ఈ రోజు ఇంగ్లీషువాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది విని ఉండరు. దానికి యాభై చీటీలు వచ్చాయి. దాని చుట్టమే, అందరూ రోజూ వాడే 'అబ్యూజ్'. దానికి అయిదు కూడా రాలేదు. సంపాదకుడైన ఏడాదే సొసైటీ సభలో మరే ఈ సంగతి బాధగా చెప్పుకున్నాడు. చదివినవాళ్లు బద్ధకస్తులేం కాదు, డబ్బు తీసుకోకుండా ఏళ్ల తరబడి రాత్రిళ్లు కూర్చుని రాసినవాళ్లు. కానీ మనిషి కన్ను కొత్తదాని మీద ఆగుతుంది, పాతదాని మీద జారిపోతుంది. వింతమాట కనిపించగానే చెయ్యి చీటీ కోసం వెళ్తుంది. పక్కనే ఉన్న 'అబ్యూజ్' కనిపించనే కనిపించదు. పాఠకులకు మరే పంపిన విన్నపంలో మామూలు మాటలకు కూడా వీలైనన్ని ఉదాహరణలు రాయమని ప్రత్యేకంగా అడిగాడు.

పాఠం చెప్పేటప్పుడు నేను ఈ యాభై, అయిదు లెక్క దగ్గర చాలాసేపు ఆగుతాను. చదువు మీద నాకున్న అభిప్రాయమంతా ఆ రెండు అంకెల్లో ఉంది.

మరే 1915లో, 'టి' అక్షరం పనిలో ఉండగానే పోయాడు. నిఘంటువు 1928లో పూర్తయింది. 4,14,825 మాటలు, 18 లక్షలకు పైగా ప్రయోగాలు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో ముద్రణలో అన్నిటికంటే పెద్ద చోటు ఆక్రమించిన మాట 'సెట్'. దాని క్రియారూపానికి 430 అర్థాలు, వివరణకు 60 వేల మాటలు. తర్వాతి ముద్రణకు సవరణలు చేస్తుంటే 'రన్' దాన్ని దాటిపోయింది. ఆ ఒక్క మాట మీద పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. క్రియకే 645 అర్థాలు తేలాయి. కారణం యంత్రాలే అంటారు. రైలూ, ఇంజనూ, ఆ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రామూ అన్నీ రన్ అయ్యేవే.

పరుగెత్తడం అనే అర్థం నుంచి అన్ని దిక్కులకూ అది ఎలా పోయిందో చూడండి. కుళాయిలో నీళ్లు రన్ అవుతాయి. జలుబు చేస్తే ముక్కు రన్ అవుతుంది. ఉతికితే చీర రంగు రన్ అవుతుంది. ఊరి పక్కనుంచి పోయే రోడ్డూ అంతే, అది కదలదు, అయినా రన్ అవుతుంది. మనిషి దుకాణాన్ని రన్ చేస్తాడు, జ్వరాన్ని రన్ చేస్తాడు. పత్రిక ఒక కథనాన్ని రన్ చేస్తుంది. బ్రిటన్‌లో ఎన్నికలకు నిలబడతారు, అమెరికాలో పరిగెడతారు. తెలుగులో మనమూ నిలబడేవాళ్లమే. ఈ అర్థాల్లో ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో గీత గీయడమే ఆ తొమ్మిది నెలల పని. మన అమరకోశంలో నానార్థ వర్గం ఉంది. 'హరి' అంటే యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని వరసగా చెబుతారు. అవి దూరదూరంగా కూర్చున్న అర్థాలు. కప్పనూ ఇంద్రుణ్నీ ఎవరూ పొరబడరు. రన్ అర్థాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని ఉంటాయి.

ఇది ఇంగ్లీషు ఒక్కదానికే పట్టిన సంగతి కాదని పిల్లలకు తెలియాలంటే తెలుగులో 'పడు' గురించి అడగాలి. పిల్లాడు కింద పడ్డాడు, సరే. వాన పడింది. జీతం పడింది. నలుగురిలో మాట పడ్డాను. కష్టపడ్డాను, సిగ్గుపడ్డాను, అలవాటు పడ్డాను. వంకాయ వాడికి పడదు. వాళ్లిద్దరికీ పడదు. బస్సు రావడానికి ఇంకో గంట పడుతుంది. బ్యాంకులో జీతం 'పడటాన్ని' తెలుగు నేర్చుకుంటున్న ఒక ఒడియా కుర్రాడికి చెప్పాల్సి వస్తే మనం ఎంత తడుముకుంటామో, గెట్ అప్ చెప్పడానికి ఇంగ్లీషువాడూ అంతే తడుముకుంటాడు. మన దగ్గర ఈ మామూలు మాటలకు గౌరవం ఇచ్చినవాళ్లలో సి.పి. బ్రౌన్‌ను తలుచుకోవాలి. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వేసి ఊరుకోకుండా, 1854లో మరొకటి వేశాడు. కచేరీల్లో, బజార్లో తెలుగువాళ్ల నోళ్లలో నానుతున్న పారశీక, ఇంగ్లీషు వగైరా అన్యభాషల మాటలకు ప్రత్యేకంగా కట్టిన నిఘంటువు అది. పండితులు చేత్తో ముట్టనివి ఆయన ఏరుకున్నాడు.

పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఒకసారి దాన్ని తెరిచి, మొదట్లో రాష్ట్రపతి పేరు మీద ఉన్న విన్నపం చదవండి. ఇది పట్టుకొచ్చినవారిని 'లెట్ ఆర్ హిండ్రెన్స్' లేకుండా పోనివ్వమని ఉంటుంది. లెట్ అంటే అనుమతించడమని మూడో తరగతిలోనే నేర్చుకున్నాం. అనుమతి లేకుండా పోనివ్వమనడమేమిటి? ఈ లెట్ అది కాదు. పాత ఇంగ్లీషులో రెండు వేరువేరు మాటలుండేవి, ఒకదానికి వదలడం అని అర్థం, ఇంకొకదానికి ఆపడం, అడ్డుపడటం అని అర్థం. ఉచ్చారణ మారుతూ మారుతూ రెండూ ఒకే రూపంలోకి వచ్చేశాయి. సరిగ్గా ఎదురెదురు అర్థాలు, ఒకే మూడు అక్షరాలు. వదలడం గెలిచి రోజువారీ మాటైంది. అడ్డుపడటం ఎక్కడికక్కడ ఆగిపోయి, న్యాయభాషలో, పాస్‌పోర్టులో, టెన్నిస్ కోర్టులో మిగిలింది. సర్వీసు చేసిన బంతి నెట్టుకు తగిలి అవతల పడితే అంపైర్ "లెట్" అంటాడే, అదే ఇది. చేతిలో పాస్‌పోర్టు పెట్టుకుని దేశాలు తిరిగే మనవాళ్లు ఎందరో ఈ మాట మీదుగా కళ్లు పోనిచ్చి ఉంటారు. తెలిసిన మాటే కదా అన్న ధైర్యం!

ఆ ధైర్యం దేశాల మధ్య కూడా తగాదా పెట్టగలదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు, అమెరికన్ సైనికాధికారులు ఒక కాగితం మీద చాలాసేపు వాదులాడుకున్నారని చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశాడు. దాన్ని వెంటనే 'టేబుల్' చెయ్యాలని బ్రిటిషువాళ్లు, ఎంతమాత్రం చెయ్యకూడదని అమెరికన్లు. బ్రిటన్‌లో టేబుల్ చెయ్యడమంటే చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. ఇరువైపులవాళ్లూ కోరుకున్నది ఒకటేనని చివరికి తేలింది. ఇద్దరిదీ ఇంగ్లీషే, ఆ మాట ఇద్దరికీ పుట్టినప్పటినుంచీ తెలుసు.

అమీర్‌పేట గదుల్లో ఒక తరం పిల్లలు జీఆర్‌ఈ కోసం బారన్స్ పుస్తకంలోని 3,500 మాటలు బట్టీ పట్టారు. అబేస్, అబాష్, అబేట్ అంటూ మొదలయ్యే ఆ జాబితా చాలామందికి ఇప్పటికీ నోటికి వస్తుంది. ఆ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. రాత్రి రెండింటిదాకా మేలుకుని చదివినవాళ్లు నాకు తెలుసు. అలా చదివి డాలస్ వెళ్లిన మా పాత విద్యార్థిని ఒకమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పింది: "సార్, అబేట్ ఇప్పటిదాకా ఒక్కరి నోటా వినలేదు. మా మేనేజర్ మాత్రం రోజూ 'రన్ ఇట్ బై మీ' అంటుంది. మొదట్లో ఆ కాగితం పట్టుకుని పరిగెత్తాలేమో అనుకున్నా." పని మొదలుపెట్టే ముందు ఒకమాట నా చెవిన వెయ్యి అని దానికి అర్థం. ఆ దేశంలోనే మన పిల్లలు స్పెల్లింగ్ బీలో ఏళ్ల తరబడి గెలుస్తున్నారు. చూసి పొంగిపోతాను. ఆ పోటీలో అక్షరాలతో పాటు అర్థాలు కూడా అడగడం 2013లో మొదలుపెట్టారు. మంచి పనే. ఏదో ఒక ఏడాది చివరి రౌండులో ఆ పిల్లలను 'టేక్' గురించి అడిగితే చూడాలని నా కోరిక.

ఇంకొకటుంది. వాడని మాట మారదు. పెట్టెలో పెట్టినట్టే ఉంటుంది. మారేదంతా వాడే మాటే. 'నైస్' ఒకప్పుడు తెలివితక్కువ అని, 'సిల్లీ' అంటే దీవెన పొందినవాడని, 'మీట్' అంటే ఏ తిండి అయినా అని. గెట్, టేక్ రెండూ ఉత్తరాది నుంచి దండెత్తి వచ్చిన వైకింగుల భాషవి. ఇంగ్లీషువాళ్లకు తీసుకోవడానికి సొంత మాట ఉండేది, టేక్ వచ్చి దాన్ని వెళ్లగొట్టింది. అరుదు, మామూలు అన్నవి కూడా ఊరినిబట్టే ఉంటాయి. 'టిఫిన్' ఇంగ్లీషు గడ్డ మీద పుట్టిన మాటే, ఇవాళ అక్కడ వాళ్లకు నిఘంటువు మాట, మనకు ఇడ్లీ సాంబారు. మన పందికొక్కు వాళ్ల భాషలోకి వెళ్లి 'బాండికూట్' అయి, అక్కణ్నుంచి ఆస్ట్రేలియాకు పోయి, ఎలుక జాతితో సంబంధమే లేని, సంచిలో పిల్లల్ని మోసే ఒక జంతువుకు పేరైంది.

మరే దారిలోనే నేనూ పిల్లల చేత చీటీలు రాయిస్తున్నాను. వారానికి ఒక మాట. షరతులు రెండే: మాట అందరికీ తెలిసినదై ఉండాలి, వాక్యం పాఠ్యపుస్తకంలోది కాకూడదు. ఎక్కడ చూశారో, ఎవరంటే విన్నారో కింద రాయాలి. మొన్న 'ఆఫ్' పెట్టాను. బట్టల షాపు బోర్డు మీది 50 పర్సెంట్ ఆఫ్ ఎటూ వచ్చింది. షాంపూ సీసా వెనక సన్న అక్షరాల్లోంచి 'రిన్స్ ఆఫ్' వచ్చింది, శంషాబాద్ విమానాశ్రయం నుంచి 'డ్రాప్ ఆఫ్' వచ్చింది, కౌన్సెలింగ్ నుంచి 'కట్ ఆఫ్' వచ్చింది. చివరి బెంచీ అమ్మాయి ఒకే చీటీ మీద రెండు వాక్యాలు రాసి తెచ్చింది. రెండూ ఏదో ఇంగ్లీషు సీరియల్ సబ్‌టైటిల్స్‌లోవి. 'ది లైట్స్ వెంట్ ఆఫ్', 'ది అలారం వెంట్ ఆఫ్'. "సార్, లైటు ఆఫ్ అయితే ఆరిపోతోంది, అలారం ఆఫ్ అయితే మోగుతోంది. ఒకే మాట కదా, ఎందుకలా?" అంది.

క్లాసంతా దాని మీద పడ్డారు. ఆఫ్ అంటే ఆగిపోవడం అని కొందరు, విడివడిపోవడం అని ఒకడు. ఆ విడివడడం అన్నవాడే మళ్లీ లేచి, "తుపాకీ కూడా గోస్ ఆఫ్ కదా సార్, గుండు విడిపోయి పోతుంది, అలారం కూడా పట్టి ఉంచిందాన్ని వదిలేస్తుంది, లైటేమో మననుంచి విడిపోతుంది" అన్నాడు. ఇంకొకమ్మాయి ఒప్పుకోలేదు, అలా అయితే 'టేక్ ది డే ఆఫ్'లో ఏది దేన్నుంచి విడిపోయిందో చెప్పమంది. పని నుంచి రోజు విడిపోయిందని వాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. జీఆర్‌ఈ జాబితా మీద ఇలాంటి తగవు నేనెప్పుడూ చూడలేదు.

వచ్చే వారం మాట 'ఓవర్'. అది క్రికెట్టుదేనని, ఆరు బంతులతో అయిపోతుందని పిల్లలంతా ధీమాగా ఉన్నారు.